చివరి వరసలో తెల్ల కారు

అరకులోయ నుంచి ఘాట్ రోడ్డు దిగే దారిలో, కాఫీ తోట కంచెకి ఆనుకుని సర్వేశ్వరరావు పాత బండ్ల షెడ్డు ఉంది. ఘాట్‌లో దెబ్బతిన్న కార్లన్నీ చివరికి అక్కడికే చేరతాయి. పగలంతా బేరాలే. పొద్దుగూకితే మాత్రం... ఆ పక్కకి మనిషన్నవాడు వెళ్లడు.

చివరి వరసలో ఒక తెల్ల కారు ఉంది. నిరుడు వానల్లో మలుపు దగ్గర లోయలోకి జారింది. నడిపేవాడు అక్కడికక్కడే పోయాడు. అప్పట్నుంచి చీకటి పడే వేళకి ఆ కారులోంచి ఒక చప్పుడు — టక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ — టక్.

చచ్చినవాడు బెల్టు పెట్టుకుంటున్నాడని ఊళ్లో మాట.

గాసి ఆ మాట వినకపోలేదు. బొర్రా గుహలకి టూరిస్టుల్ని తిప్పే డ్రైవరు, వినకుండా ఎలా ఉంటాడు? కానీ అతని అవసరం అలాంటిది. తన సీటు బెల్టుని ఎలుక కొరికేసింది. మర్నాడు బండిని రవాణా ఆఫీసులో ఫిట్‌నెస్ పరీక్షకి చూపించాలి. బెల్టు లేకపోతే బండి తిరగదు. సంతలో దొరికినదొకటి తెచ్చి చూశాడు, దాని నాలుక బకిల్‌లో దూరలేదు. ఇంకోటి దూరింది గానీ, లాగితే ఊడొచ్చింది. అదే మోడలు, అదే ఏడాది, అదే కుడిపక్కది కావాలి. అలాంటిది... ఆ తెల్ల కారులోనే ఉంది.

అతను షెడ్డు చేరేసరికి ఆరు దాటింది. మంచు దిగుతోంది.

"ఆ సివరికా?" సర్వేశ్వరరావు గొంతు తగ్గించాడు. "రేపు రారా గాసీ."

"రేపు తెల్లారకముందే బయల్దేరాలి షావుకారు గారూ."

"అయితే బోల్టులిప్పే పానాలట్టుకెళ్లు. నన్ను రమ్మనకు."

గాసి ఒక్కడే నడిచాడు. ఫోన్ లైటు మంచుకి తగిలి తన ముఖంమీదికే తిరిగొస్తోంది. ఎక్కడో కిరండోల్ రైలు కూత వేసి సొరంగంలో దూరింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు...

టక్.

గాసి ఆగిపోయాడు. ఇనుము చల్లబడితే చప్పుడు చేస్తుందిలే అనుకున్నాడు. అనుకుని, ఆ మాటనే పట్టుకుని, ముందుకెళ్లాడు.

కారుకి కుడి తలుపు లేదు. లోపలికి వంగి డ్రైవరు సీటుమీద లైటు వేశాడు. ఖాళీ. కానీ బెల్టు... అడ్డంగా లాగి, బకిల్‌లో పెట్టి ఉంది. ఎవరి గుండెలకో చుట్టినట్టు.

బకిల్ మీది ఎర్ర మీట నొక్కబోయాడు.

అతని చేతిమీద ఒక చెయ్యి పడింది. మంచుగడ్డలాంటి చెయ్యి.

ఫోన్ జారి కింద పడింది.

"తియ్యకు..." చీకట్లో గుసగుస. "ఆయన కూకున్నాడు."

కింద పడ్డ ఫోన్ వెలుగులో ఎడం సీట్లో ఒక ఆడమనిషి. తలకి తువ్వాలు, ఒళ్లో కాఫీపళ్లు కోసే బుట్ట. నోట్లోంచి ఊపిరి పొగలా వస్తోంది. దెయ్యానికి ఊపిరుంటుందా?

"ఎవులమ్మా... నువ్వు?"

"రత్నాలుని. ఈ బండి నడిపినాయన పెళ్లాన్ని." మెడ దగ్గర స్వెట్టరు పక్కకి జరిపింది. భుజం నుంచి అడ్డంగా నల్లటి మచ్చ. "ఆ రోజు ఈ సీట్లో నానున్నాను. నా బెల్టు నన్ను పట్టుకుంది. ఆయన పెట్టుకోనేదు. పెట్టుకో అని నానూ అననేదు. అందుకే పని దిగినాక, కంచె సందులోంచి వచ్చి... ఆయనకి పెడతన్నాను, తీసి మళ్లీ పెడతన్నాను."

గాసి మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా. ఎల్తాను."

"నీ బండికేటైంది?"

"బెల్టు ఎలుక కొరికేసింది. నెల్లాళ్లుగా ఊరికే భుజమ్మీద ఏసుకుని తిరుగుతన్నాను, పోలీసోళ్లకి కనబడ్డానికి."

ఆవిడ బకిల్ మీదికి వంగింది. తర్వాత తనే మీట నొక్కింది. బెల్టు సర్రున లోపలికి పోయింది.

"విప్పుకో అన్నా."

ఆవిడ కింద పడ్డ ఫోన్ తీసి లైటు పట్టుకుంది. గాసి బెల్టుని మెల్లగా లాగాడు, వచ్చింది. గట్టిగా గుంజాడు, ఆగింది. చివరిదాకా తడిమి చూశాడు. ఒక్క పోగు లేవలేదు. బలంగా దెబ్బతిన్న బెల్టు మళ్లీ పనికిరాదని అతనికి తెలుసు. ఇది దెబ్బే తినలేదు. తినడానికి... పెట్టుకుంటేగా!

బోల్టులు విప్పి తల ఎత్తేసరికి ఎడం సీటు ఖాళీ. ఫోన్ మాత్రం దానిమీద వెలుగుతోంది.

షెడ్డు గేటు దగ్గర ఆపిన తన కారులో, బల్బు వెలుగులో ఆ బెల్టు బిగించుకున్నాడు. అంగుళం తేడా లేకుండా సరిపోయింది. సర్వేశ్వరరావుకి డబ్బులిచ్చి బయల్దేరాడు.

కారు రోడ్డెక్కి, కాఫీ తోట దాటి, మొదటి మలుపు తిరిగింది. లైట్ల వెలుగులో మంచు మధ్య ఎవరో నిలబడి ఉన్నారు. గాసి బ్రేకు తొక్కాడు.

రత్నాలు. ఇంటిదాకా దింపమంటుందేమోనని అద్దం దించాడు. ఆవిడ ఎక్కలేదు. కిటికీలోంచి రెండు చేతులూ పెట్టి, అతని గుండెలమీది బెల్టుని పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి గుంజింది. బెల్టు బిగుసుకుని భుజంలో దిగబడింది. మళ్లీ గుంజింది.

"పట్టింది," అంది.

పక్కకి తప్పుకుని దారిచ్చింది.