శాంతపాఠం

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తన్మయి కిటికీ తెరలు లాగి గోడతెర వెలిగించింది. జశ్వంత్ లిపిదర్శిని పెట్టుకుని సోఫాలో తన మూలకు చేరాడు. చైనా కత్తియుద్ధాల సినిమాలంటే మొగుడూ పెళ్ళాలిద్దరికీ ప్రాణం. పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటు ముప్పై ఏళ్ళుగా తప్పలేదు.

లిపిదర్శినులు వచ్చాక సినిమాల అడుగున అక్షరాలు వేసే పనే పోయింది. ఎవరి కళ్ళద్దాల్లో వాళ్ళకి, వాళ్ళ భాషలోనే మాటలు నడుస్తాయి. పరాయి భాష నేర్చుకునేవాళ్ళూ కరువయ్యారు. తన్మయి మాత్రం వయసులో ఉండగా తడ దగ్గర ఏసీల ఫ్యాక్టరీలో చైనా ఇంజనీర్లకు దుబాసీగా పదకొండేళ్ళు పనిచేసింది. ఆమెకి అద్దాలతో పనిలేదు.

జశ్వంత్‌కి అవే ఆధారం. ఆరేళ్ళ కింద మెదడువాపు జ్వరంలో అతని రెండు చెవులూ పోయాయి. అప్పట్నుంచీ కూరగాయలమ్మి మాటైనా, భార్య మాటైనా చదివే తెలుసుకుంటున్నాడు.

తెరమీద మంచు కురుస్తున్న రేవులో ముసలి గురువు కత్తి తుడుచుకుంటూ శిష్యురాలితో అన్నాడు, మాండరిన్‌లో: "మీ నాన్నని చంపింది నేనే."

తన్మయి ఊపిరి బిగబట్టింది. పక్కన జశ్వంత్ చిన్నగా నవ్వాడు.

"మంచివాడు ముసలాయన. పిల్లని ఎంత బాగా ఓదార్చాడో."

"ఓదార్చాడా? ఏమన్నాడు?"

"నీకు వినపడుతోందిగా. మీ నాన్న దూరదేశం వెళ్ళాడు, నీకు నేనున్నాను అన్నాడు."

తెరమీద పిల్ల కత్తి దూసి గురువు మీదికి దూకింది. "ఇదేంటి, ఉన్నట్టుండి?" అన్నాడు జశ్వంత్, అర్థంకాక.

తన్మయి సినిమా ఆపి, అతని అద్దాలు అడిగి పెట్టుకుని, ఆ ఘట్టం మళ్ళీ వేసింది. అతను చెప్పిన మాటలే ఉన్నాయి. అనువాదం తప్పిందనుకుంది మొదట. అప్పుడు కనిపించింది అద్దం మూల చిన్న పచ్చటి ఆకు గుర్తు.

ఏడాదిన్నర కింద జశ్వంత్ గుండెకి స్టెంట్ వేసినప్పుడు ఆస్పత్రిలో ఒక అమ్మాయి సంతకం తీసుకుంది. "గుండె అదిరే మాటలు రాకుండా సార్ అద్దాల్లో శాంతపాఠం పెడుతున్నామమ్మా, మూల ఆకు గుర్తుంటుంది. సినిమాలూ వార్తలూ కాస్త మెత్తగా కనిపిస్తాయి, అంతే."

సినిమాలూ వార్తలేనా? తన్మయి అద్దాలు తియ్యకుండానే మెల్లిగా, తెలుగులో పలికింది: "నాకు రొమ్ము క్యాన్సర్. గురువారం ఆపరేషన్."

కళ్ళ ముందు అక్షరాలు నడిచాయి. "నాకు కొంచెం నలతగా ఉంది. గురువారం ఆస్పత్రికి వెళ్ళొస్తాను."

మళ్ళీ అంది. ఈసారి గొంతు వణికింది. అక్షరాలు ఇంకా మెత్తబడ్డాయి. "కాస్త నలత. కంగారేం లేదు."

ఇరవై రోజుల కింద వంటింట్లో నిలబడి ఈ జబ్బు సంగతే చెప్పింది అతనికి. "వేడి చేసుంటుంది, మజ్జిగ తాగి పడుకో," అని మొక్కలకు నీళ్ళు పొయ్యడానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమె ఆ ఊసెత్తలేదు. గురువారం తోడు రమ్మని చెల్లెలికి చెప్పుకుంది.

"నీలో నువ్వేం మాట్లాడుకుంటున్నావు?" జశ్వంత్ ఆమె పెదవులకేసి చూస్తున్నాడు. "అద్దాలివ్వు."

ఇస్తే అతనికి ఎప్పటికీ తెలియదు. ఇవ్వకుండా ఉన్నదున్నట్టు చెబితే ఆ గుండె ఏమవుతుందో? యంత్రం భయం ఉత్తుత్తి భయం కాదు. ఆ స్టెంట్ వేసిన రోజు ఆపరేషన్ గది బయట గోడకి ఆనుకుని ఎలా నిలబడిందో ఆమెకి గుర్తే.

అద్దాలు టీపాయ్ మీద పెట్టింది. పాత నోటుపుస్తకం తెచ్చి పెద్ద అక్షరాలతో ఆ రెండు మాటలూ రాసి, అతని మణికట్టు పట్టుకుని పక్కన కూర్చుంది.

అతను రెండుసార్లు చదివాడు. ఆమె వేళ్ళ కింద నాడి ఒక్కసారి ఎగిరిపడి, నెమ్మదిగా కుదురుకుంది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఇరవై రోజులైంది. ఆ రోజే చెప్పాను," అని రాసింది.

"నేనేమన్నాను?"

"మజ్జిగ తాగమన్నావు."

జశ్వంత్ టీపాయ్ మీది అద్దాల వైపు చూశాడు, పాముని చూసినట్టు. తన గొంతు తనకే వినపడని మనిషి, ఎంత మెల్లిగా అన్నాడంటే ఆమె వంగి వినాల్సి వచ్చింది. "ఈ ఏడాదిన్నరలో ఇంకా ఏమేం చెప్పావు నాకు?"

తన్మయి కాగితం తిప్పింది. కింద రాసింది: "మొన్న, గురువారం పని కాగానే గూడూరు చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానన్నాను. ఇక ఈ ఇంటికి రానన్నాను."

"నాలుగు రోజులుండి రమ్మన్నాను," అన్నాడతను. "నాకు బాగా గుర్తు. వచ్చేటప్పుడు మాగాయ తెమ్మన్నాను."

ఆమె తలూపింది. క్యాన్సర్ మాటకి కుదురుకున్న నాడి ఇప్పుడు ఆమె వేళ్ళ కింద పరుగులు తీస్తోంది. తన్మయి బెదిరిపోయి మాత్ర తేవడానికి లేవబోయింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మాత్ర తర్వాత," అన్నాడు. "ముందు మిగతావి రాయి."