ఆపరేషన్ ఉలికిపాటు

అపాయం ముంచుకొచ్చిన క్షణంలో మనిషి నోరు అబద్ధమాడినా కాళ్లు ఆడవని, ప్రాణం ఎక్కడ దాచుకున్నాడో అటే పరుగెడతాయని లోకంలో గట్టి నమ్మకం ఒకటి ఉంది. దీన్ని ఎవరూ పరీక్షించి చూసిన దాఖలా లేదు. అయినా కాదన్నవాడూ లేడు. ఒక విదేశీ ముఠా ఈ నమ్మకాన్నే పెట్టుబడిగా పెట్టి హత్యలు చేస్తోందని ఏజెంట్ డేగకు చీఫ్ గదిలో తెలిసింది.

ఆ గదికి కిటికీ లేదు. బల్ల మీద ఒక ఫ్లాస్కు, రెండు కప్పులు, ఒక కొండ ఊరి టూరిస్టు బ్రోషరు ఉన్నాయి.

"ముందు ఒక చప్పుడు చేస్తారు," అన్నాడు చీఫ్. "మనవాడు ఎవరివైపు పరుగెడతాడో చూస్తారు. వాడు ఎవరివైపు పరుగెత్తితే ఆ మనిషిని కాల్చేస్తారు. అంతే. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు ఆపరేషన్ ఉలికిపాటు."

"పనిచేసిందా సార్?"

"రెండుసార్లు. పరుగెత్తినవాళ్లు ఇద్దరూ మనవాళ్లే."

డేగ బ్రోషరు తెరిచాడు. తలుపుకొక రంగు, కిటికీకొక రంగు వేసుకున్న ఇళ్లు. వాటి వెనక మెట్లుమెట్లుగా కాఫీ తోటలు.

"అక్కడ ఎవరున్నారో నీకు చెప్పక్కర్లేదు," అన్నాడు చీఫ్.

చెప్పనవసరం లేదు. దేశం బయట పనిచేసే ఏజెంట్లందరి ప్రాణాలూ ఏ రహస్య కోడ్ చాటున దాగి ఉన్నాయో, దాన్ని కట్టిన మనిషి రిటైరై ఆ ఊళ్లో కాఫీ రుచి చూసే పనిలో చేరింది. ఆమె డేగకు తోడబుట్టిన అక్క. తల్లి పోయిన నాటి నుంచి అతనికి తల దువ్వి, లెక్కలు నేర్పి, తప్పు చేస్తే చెవి మెలేసిన మనిషి.

"కోడ్ కట్టింది ఒక ఆడమనిషని వాళ్లకి తెలిసింది. ఆ ఊళ్లో ఉందనీ, నీకు కావలసిన మనిషనీ తెలిసింది. ఎవరో మాత్రం తెలీదు. ఆవిడ ఫొటో మన దగ్గర కూడా లేదు."

"అయితే నన్ను పంపడమంటే దొంగకి దీపం పట్టడమే కదా సార్?"

"నువ్వు వెళ్లకపోతే ఊళ్లో ఆడవాళ్లని ఒక్కొక్కరినే ఎత్తుకెళ్లి అడుగుతారు. నువ్వు వెళ్లి, అందరిలాగే తిరిగి, కాఫీ తాగి, ఎవరివైపూ చూడకుండా వచ్చేశావనుకో, అక్కడ నీకెవరూ లేరని నమ్ముతారు."

"అంటే నా మిషన్?"

"ఏమీ చేయకపోవడం."

"దానికి ట్రైనింగ్ ఇవ్వలేదు సార్."

"ఎవరికీ ఇవ్వలేదు."

"ఆ చప్పుడు నిజంగానే బాంబైతే?"

చీఫ్ తన కప్పులోకి చూసి, కాఫీ చల్లారిపోయిందన్నాడు.

శాఖ అతనికి మూడు పరికరాలు ఇచ్చింది: చొక్కా గుండీలో కెమెరా, వాచీలో ట్రాన్స్‌మిటర్, మత్తు సూది దాచిన పెన్ను. దారిలో కలవబోయే ఏజెంటు పేరు మైనా. ఆమె చెప్పవలసిన కోడ్ వాక్యం, "ఇక్కడి గాలికి గొడుగు నిలవదంటారు." అతను ఇవ్వవలసిన జవాబు, "నేను టోపీ తెచ్చుకున్నాను."

టూరిస్టు వ్యాను కొండ ఎక్కడం మొదలుపెట్టగానే వాచీ మూగబోయింది. కొండల్లో సిగ్నల్ ఉండదన్న సంగతిని శాఖ లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

ముందు సీట్లో గైడు మైకు పట్టుకుని వెనక్కి తిరిగాడు. మనిషి గుమ్మటంలా ఉన్నాడు, గొంతు అంతకంటే పెద్దది.

"అయ్యలూ, అమ్మలూ! ఈ ఊరొచ్చినవాళ్లు రంగుల వీధి చూడాలి, బురుజెక్కాలి, జీపులో నిలబడి తోటకెళ్లాలి, పళ్లు కోయాలి, కాఫీ రుచి చూడాలి. ఒక్కటి వదిలినా డబ్బులు వాపసివ్వను. అన్నీ చేసినా ఇవ్వననుకోండి!"

అందరూ నవ్వారు. డేగ కూడా టూరిస్టు నవ్వవలసినంత నవ్వాడు. పక్క సీట్లో నల్లద్దాలు, ఎర్ర స్కార్ఫు, మల్లెల అత్తరుతో కూర్చున్న అందగత్తె మాత్రం నవ్వలేదు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అంది:

"ఇక్కడి గాలికి గొడుగు నిలవదంటారు."

"నేను టోపీ తెచ్చుకున్నాను," అన్నాడు డేగ.

రంగుల వీధిలో పక్కపక్క ఇళ్లకు ఒకే రంగు వేయకూడదన్నది కట్టుబాటు. పొరుగువాళ్లు పసుపు వేశారని అలిగి తలుపుకు ఊదారంగు పులిమిన ఒక ముసలాయనను గైడు అందరికీ చూపించాడు. "ఆళ్లు మార్చేదాకా నేనూ మార్చను," అని ఆయన గుమ్మంలోంచే ప్రకటించాడు. బురుజు మీద నుంచి ఊరంతా అరచేతిలో పెట్టినట్టు కనిపించింది: వీధి, కాఫీ పళ్ల తోలు ఒలిచే పల్పరు షెడ్డు, కాఫీ ఆరబోసిన పెద్ద కళ్లం. గిటారు పెట్టె భుజాన వేసుకున్న ఒక బక్కమనిషి మాత్రం కిందికి దిగలేదు. "నాకు కళ్లు తిరుగుతాయి, జీపులో రాను," అన్నాడు. కళ్లు తిరిగే మనిషి బురుజు పైన ఎందుకు ఉండిపోయాడని డేగ తప్ప ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించి అతను చేయగలిగింది కూడా ఏమీ లేదు.

జీపులో కడ్డీ పట్టుకుని నిలబడి ఊగుతున్నప్పుడు మైనా అతని చెవి దగ్గరికి వంగింది.

"ఎవరావిడ? చెప్పు. సాయంత్రంలోగా కొండ దింపేస్తాను."

శాఖలో చేరిన రోజునే నేర్పే మొదటి పాఠం ఒకటుంది: కలవడానికి వచ్చిన ఏజెంటు పేరు అడగకూడదు. పేరు అడిగిన ఏజెంటు అమ్ముడుపోయిన ఏజెంటు.

"ఎవరు ఎవరు?"

"నా దగ్గర నాటకాలు ఎందుకు?"

"నాకిక్కడ ఎవరూ లేరండీ. బాస్ సెలవిచ్చాడు, వచ్చాను. మీకెవరైనా ఉంటే చెప్పండి, ఇద్దరం కలిసే వెళ్దాం."

ఆమె నవ్వింది. ఆ నవ్వులో పళ్లు మాత్రమే పాలుపంచుకున్నాయి. పెన్నులోని సూది ఆమె భుజంలో దించడం క్షణం పని. కానీ ఆమె పడిపోతే ఈ ఊరిలో కాపాడవలసినది ఏదో ఉందని డేగ స్వయంగా చాటింపు వేసినట్టే. అడకత్తెరలో పోకచెక్క కూడా ఎటో ఒకవైపు జారవచ్చు. అతనికి ఆ వీలు కూడా లేదు.

కాఫీ రుచి చూసే గది గుమ్మం దగ్గరే గైడు ఒక పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. "వాసనొచ్చేవన్నీ ఇందులో పెట్టండి. అత్తరు, పౌడరు, చుట్ట, సిరా పెన్ను. లోపల ముక్కులున్నాయి, పాడైపోతాయి." డేగ పెన్ను పళ్లెంలోకి వెళ్లింది. లోపల ఒక పొడవాటి బల్ల మీద తెల్లటి గిన్నెలు వరుసగా పెట్టి ఉన్నాయి. బల్లకు అవతల వేడినీళ్ల కెటిల్ పట్టుకుని అక్క నిలబడి ఉంది.

నాలుగేళ్లయింది చూసి. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఎడమచెయ్యి సన్నగా వణుకుతోంది. ఆ సంగతి ఏ ఉత్తరంలోనూ రాయలేదు. ఆమె కళ్లు అతని మీదుగా గోడ మీదికి వెళ్లినంత తేలిగ్గా వెళ్లిపోయాయి. అతను వచ్చాడంటే ఏం వచ్చినట్టో ఆమెకు తెలుసు. కెటిల్ ముక్కు నుంచి పడుతున్న నీటి ధార మాత్రం తెగలేదు.

"పైన తేలిన పొడి తెట్టుని స్పూనుతో ఇలా నెట్టి, వాసన చూడండి," అంది అందరితో. "తర్వాత గట్టిగా చప్పుడయ్యేలా జుర్రండి. ఇక్కడ మర్యాద అక్కర్లేదు. మింగకండి, ఈ డబ్బాలో ఉమ్మేయండి. మీరు స్పూను గరిటెలా పట్టుకున్నారేంటి బాబూ? ఇటు ఇవ్వండి."

ఆమె బల్ల మీదుగా చెయ్యి చాపి అతని వేళ్లను సరిచేసింది. వేళ్లు సరిచేయడానికి పట్టవలసినంత సేపే పట్టుకుని వదిలేసింది.

"ఏమనిపిస్తోంది బాబూ మీకు?"

మైనా నల్లద్దాలు తీసి అతని ముఖంలోకే చూస్తోంది.

"కొంచెం చేదుగా ఉందండీ."

"మొదటిసారి అందరికీ అలాగే ఉంటుంది. ఉమ్మేయండి, ఉమ్మేయండి. నోట్లో పెట్టుకుని కూర్చుంటే ఎలా?"

కక్కలేక మింగలేక అన్న మాటకు అర్థం డేగకు ఆ రోజు నోటితోనే తెలిసింది. ఉమ్మేశాడు.

తర్వాత గైడు అందరినీ కళ్లంలోకి నడిపించాడు. సిమెంటు నేల మీద కాఫీ గింజలు కుప్పలు కుప్పలుగా ఆరుతున్నాయి, ఇంటికొక కుప్ప. కుప్పల మధ్య చెక్కపారలతో గింజలు తిరగేసే ఆడవాళ్లు, వాళ్ల మీద పెత్తనం చేసే మేస్త్రమ్మ. అక్క కూడా గిన్నెలు కడిగి, పల్పరు షెడ్డు పక్కన ఎండలోకి వచ్చి నిలబడింది. మైనా చేతివాచీ వంక రెండుసార్లు చూసుకుంది. డేగకు అర్థమైంది. చప్పుడు ఇక్కడే, ఇప్పుడే. అది ఉత్త చప్పుడైతే కదలకూడదు. బాంబైతే కదలకుండా ఎలా ఉండడం?

ఈలోగా కొండ వెనక నుంచి నల్లటి మబ్బు ఒకటి తోసుకొచ్చింది. మేస్త్రమ్మ తలెత్తి చూసి, మెడలోని ఈల అందుకుని చెవులు చిల్లులు పడేలా ఊదింది.

ఆ ఊళ్లో వాన ఈల మోగితే ఎవరూ ఎవరినీ బతిమాలరు. వంటచేస్తున్న మనిషి పొయ్యి ఆర్పి వస్తుంది, పోలీసు లాఠీ పక్కన పెట్టి వస్తాడు, బురుజు కాపలావాడు పైనున్నవాళ్లందరినీ కిందికి తోలి, తాళం వేసి మరీ వస్తాడు. తడిసిన గింజ బూజు పడుతుంది, బూజు పడితే ఏడాది పంట పోయినట్టే.

"సొంత కుప్ప దగ్గరికి పోకండి! దగ్గర కుప్ప! ఎవరిదైనా సరే దగ్గర కుప్ప!" అని అరుస్తోంది మేస్త్రమ్మ. ఎవరి కుప్ప వైపు వాళ్లు పరుగెత్తితే కళ్లం మధ్యలో ఒకరినొకరు గుద్దుకోవడం తప్ప ఒక్క గింజా కప్పలేరని అనుభవం మీద నేర్చుకున్న ఊరది.

"మేడమ్, ఆ కళ్లద్దాలు తీసి పార పట్టుకో తల్లీ!"

"నేను టూరిస్టుని..."

"వానకి తెలీదు ఆ సంగతి!"

మైనా చేతిలో చెక్కపార పడింది. రెండు కుప్పల అవతల బురుజు మీది బక్కమనిషి చేతిలోనూ పడింది. అతని గిటారు పెట్టెను ఎవరో ముసలమ్మ లాక్కుని వరండాలోకి తీసుకుపోయింది. డేగ చేతిలోకి టార్పాలిన్ కొస వచ్చింది.

"నీలాంటోళ్లు గాలి రాగానే వదిలేస్తారు," అంటూ మేస్త్రమ్మ దాని తాడును అతని మణికట్టుకు రెండు చుట్లు చుట్టి ముడేసింది.

అప్పుడు షెడ్డులో పేలింది.

తెల్లటి పొగ, ఇటుకల దుమ్ము లేచి అక్క నిలబడ్డ చోటును మింగేశాయి. "ఉరిమింది, తొందరగా కానివ్వండే!" అంది ఎవరో. కళ్లంలో ఊరివాళ్లు ఒక్కరూ తల తిప్పలేదు.

డేగ కాళ్లు ఆదేశం కోసం ఆగలేదు. చీఫ్ మాట, శాఖ మాట, తన మాట, ఏదీ వాటికి వినిపించలేదు. అతను పొగ వైపు దూకాడు. అదే క్షణంలో గాలి టార్పాలిన్ కిందికి దూరి దాన్ని తెరచాపలా పైకెత్తింది. తాడు మణికట్టును కోసుకుంటూ అతన్ని వెనక్కి లాగింది. "వదలకురోయ్! అటు లాగు, అటు!" అని మిగిలిన మూడు కొసలు పట్టుకున్న ఆడవాళ్లు అవతలికి లాగారు. అక్క ఉన్న వైపుకు వీపు పెట్టి, పట్టా వెంట పది బారలు పరుగెత్తి, అతను ఎవరిదో తెలియని కుప్ప మీద బోర్లా పడ్డాడు.

మైనా పార పట్టుకుని అతన్నే చూస్తోంది.

ముడి ఊడదీయబోయాడు. తాడు తడిసి బిగిసింది. తల తిప్పి చూడవచ్చు; కానీ చూడకూడదు. అక్క బతికి ఉంటే ఆ చూపే ఆమెను చంపుతుంది. గింజల్లో ముఖం పెట్టి, మోచేతులతో పట్టా అంచును అదిమిపట్టి, అతను చెవులతో వెతికాడు. వాన, ఈల, పారల గరగర, తిట్లు. చాలాసేపటికి వాటి మధ్య నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఈ కుప్ప అయిపోయింది మేస్త్రమ్మా! ఇంకోటి ఎటు?"

అతను ముఖం పైకెత్తలేదు. గింజల మీదికి వాన రాకుండా పట్టా కప్పే ఉన్నా, అతని ముఖం కింద తడిసిన కొద్దిపాటి చోటును తర్వాత ఎవరో వాన అనుకుని తుడిచారు.

బక్కమనిషి పేలుడు వినగానే పార పడేసి వరండా వైపు పరుగెత్తాడు. అక్కడ ముసలమ్మ గిటారు పెట్టె తెరిచి, అందులోని గొట్టాన్ని, బైనాక్యులరును, మడమను, తూటాలను ఒక్కొక్కటే పైటకొంగుతో తుడిచి గోనెపట్టా మీద ఆరబెడుతోంది.

"తడిస్తే తుప్పు పడతాయి నాయనా," అంది. "ఇదేం వాయిద్యం?"

పక్క కుప్ప మీద పట్టా కట్టి వస్తున్న పోలీసు ఆ ప్రశ్నకు జవాబు చెప్పాడు. ఆ కొండల్లో వేట నిషేధం. బక్కమనిషి మీద జింకలను వేటాడే ప్రయత్నం కింద కేసు నమోదైంది. షెడ్డులో పేలింది బాయిలరని ఊరంతా అనుకుంది.

వాన వెలిసింది. గైడు తలలు లెక్కపెట్టి అందరినీ వ్యాను ఎక్కించాడు. పళ్లెంలో నుంచి డేగ పెన్ను తిరిగి ఇచ్చాడు. గుమ్మంలో అక్క తడిసిన జుట్టు ముడేసుకుంటూ, వెళ్లిపోతున్న టూరిస్టులందరికీ చెయ్యి ఊపినట్టే ఊపింది. అందరూ ఊపారు, డేగ కూడా ఊపాడు. మైనాను అరెస్టు చేసే ఆధారం అతని గుండీలోని కెమెరాలో ఉంది; చేస్తే ముఠాకు ఆ ఊరి విలువ తెలుస్తుంది. కొండ దిగేదాకా ఆమె అతని భుజం మీద తలపెట్టి నిద్రపోయింది.

ఆ రాత్రి ఆమె పంపిన సందేశాన్ని శాఖ మధ్యలో పట్టుకుని విప్పింది. అందులో ఇలా ఉంది: "డేగ ఎవరివైపూ పరుగెత్తలేదు. అతని మనిషి ఈ ఊళ్లో లేదు."

ముఠా ఆ ఊరిని వదిలేసింది. అక్కను చూడడానికి వెళ్తానని డేగ అనుమతి కోరాడు. శాఖ నిరాకరించింది.