ముందు మనింటి జీపీఎస్

లిఫ్టు గుంతలో దొరికిన శవం రిపేరు షాపు మెకానిక్‌ది. కాలు జారిందని పోలీసులు రాసుకున్నారు. తోసేశారని గూఢచారి శాఖ పెద్దాయనకు తెలుసు.

“వాడి కుర్చీలో నువ్వు కూర్చోవాలి,” అన్నాడు పెద్దాయన, ఏజెంట్ మిణుగురుతో. “పడవలవాళ్ళ దగ్గర పాత జీపీఎస్‌లు ఉంటాయి కదా. కంపెనీ వాటిని ఎప్పుడో గాలికి వదిలేసింది. వాటిని నడిపించే ఫర్మ్‌వేర్‌ను షాపు నడిపే పిన్నీ, ఆవిడ గుంపూ బాగుచేసుకుంటూ వస్తున్నారు. ఈ సాయంత్రం కొత్త వెర్షన్ వదులుతారు. అందులో శత్రువులు విషం కలిపారు. చీకటి పడ్డాక దారి తప్పు చూపిస్తుంది. పడవలు సరిహద్దు దాటతాయి. అక్కడ వాళ్ళ ఓడలు కాచుకుని ఉంటాయి.”

 మిణుగురు అన్నయ్య ఆ సాయంత్రమే పడవలో చేపల వేటకు వెళ్తున్నాడు.

“ఈ కబురు ఎవరు తెచ్చారు సార్?”

“నెమలి. శత్రువుల గూట్లో ఉంటూనే మనకు పనిచేస్తుంది. విషం తీసేసిన కాపీ తనే తెస్తుంది. మెకానిక్ డిజిటల్ కీతో సంతకం పెట్టి వదులు. అంతే.”

కీ చొక్కా గుండీలో దాచారు. కాలరు కింద మైకు, చెవిలో ఆవగింజంత రిసీవర్ పెట్టారు. మూతికి మీసం అంటించారు.

షాపు మేడమీది గదిలో టంకం పొగ కమ్ముకుని ఉంది. నెమలి నల్లకళ్ళద్దాలతో, ఎత్తుమడమల చెప్పులతో దిగింది. పొగను మించి సెంటు వాసన.

“బ్యాటరీ ఉబ్బిందా?” అన్నాడు మిణుగురు.

“మూత పట్టనంత.”

కోడ్ కలిసింది. పెన్‌డ్రైవ్ చేతులు మారింది.

“కబుర్లు తర్వాత,” అంది పిన్ని. “ముందు మనింటివి పెట్టండి. అబ్బాయ్, నీ మీసం ఊడుతోంది. ఎవరి మనిషివో అడగను గానీ, జిగురు మార్చు.”

అది ఆ గుంపు కట్టుబాటు. ఏ వెర్షనైనా పదిమందికీ వదిలేముందు, చేసినవాళ్ళ సొంత ఇంటి జీపీఎస్‌లోకి ఎక్కాలి. పిన్ని తన భర్తది వైరుకు తగిలించింది. మిణుగురు, పగిలిన మూతకు రబ్బరు బ్యాండు వేసిన అన్నయ్యది పెట్టాడు. నెమలి తన తమ్ముడిది పెట్టింది. తెరలు వెలిగాయి. దారి సరిగ్గానే చూపించాయి. పట్టపగలు చూపించక ఏంచేస్తాయి?

మిణుగురు సంతకం పెట్టి రిలీజ్ నొక్కాడు. అప్‌లోడ్ గీత సాగడం మొదలైంది.  దాన్ని చూడటానికి ముందుకు వంగి బల్ల అంచు పట్టుకున్నాడు. బల్ల కదిలింది. నెమలి తమ్ముడి జీపీఎస్ పక్కకు జరిగింది. దాని వైరు మాత్రం జరగలేదు. గుచ్చని మొన దాని కిందే దాగి ఉంది. తెరమీద పాత వెర్షన్ నంబరే ఉంది.

“మీ తమ్ముడిది ఎక్కలేదండీ.”

“లూజయినట్టుంది. తర్వాత పెడతాలే.”

“ఇప్పుడే పెట్టండి.”

ఆమె చెయ్యి కదల్లేదు. గీత ముప్పాతిక దాటింది.

“మీ తమ్ముడూ ఇవాళే వేటకు వెళ్తున్నాడా?”

“అందుకే,” అంది నెమలి మెల్లగా. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది. “నెట్ వైరు జోలికి వెళ్ళకు.”

“నెమలి మన మనిషేనయ్యా,” అంటోంది చెవిలో పెద్దాయన గొంతు. “పిచ్చి వేషాలు వెయ్యకు.”

మిణుగురుకు పిస్టల్ గొట్టం తప్ప ఇంకేమీ కనబడటం లేదు. ఇంతలో కమురు వాసన, కెవ్వుమని కేక. పిన్ని కాలే టంకం కడ్డీని నెమలి మణికట్టుకు ఆనించింది. గుండు పైకప్పులోకి పోయింది. మిణుగురు కళ్ళు గట్టిగా మూసుకుని నెట్ వైరు లాగేశాడు.

కళ్ళు తెరిచేసరికి గీత చివర వెంట్రుకవాసి ఖాళీ మిగిలి ఉంది.

పొద్దు వాలుతుండగా రేవులో అన్నయ్యకు జీపీఎస్ అందించాడు.

“కొత్తది ఎక్కించావా?”

“లేదన్నా. పాతదే మళ్ళీ ఎక్కించాం.”

“అంటే ఏమీ మారలేదా?”

“ఏమీ మారలేదు.”

“దీనికా పొద్దుట్నుంచి తిప్పుకున్నావు?” అని విసుక్కుంటూ అన్నయ్య పడవెక్కాడు. “మీ రిపేరువాళ్ళంతా ఇంతేరా.”