మూడో రౌండులో తిమ్మిరి

"ఏంటండీ, తిమ్మిరెక్కిందా?"

ముక్కూ మొహం తెలియని మగవాడు పొద్దున్నే గ్రౌండులో ఒక ఆడపిల్లని అడగదగ్గ ప్రశ్న కాదు అది. అడిగినవాడికి ఆ సంగతి తట్టలేదు. ఆమెకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

అసలే కోపంలో ఉంది. మూడో రౌండులో కుడి పాదం మళ్ళీ మొండికేసింది. ముందు వేళ్ళ మధ్య చీమలు పాకినట్టు జిలజిలమంది, తర్వాత పాదమంతా మొద్దుబారిపోయింది. నేల మీద వేస్తున్నది తన కాలో ఇంకెవరిదో తెలియడం లేదు. రెయిలింగ్ పట్టుకుని కాలు నేలకేసి దబదబా కొడుతుంటే వెనకనుంచి ఈ పలకరింపు.

"ఎవరికండీ తిమ్మిరి? పొద్దున్నే ఆడపిల్ల కనిపిస్తే చాలు, ఒళ్ళు తిమ్మిరెక్కుతుందా మీకు?"

"అయ్యో, ఒళ్ళు కాదండీ, కాలు! కాలు తిమ్మిరెక్కిందా అని..."

"మరి కాలు అని చెప్పరేం? ఆ మాట ఏమైంది?"

"ఉందండీ. మీరు చూసిన చూపుకి లోపలికెళ్ళి దాక్కుంది."

పక్కనే నడుస్తున్న పెద్దాయన ఒకాయన కిసుక్కున నవ్వాడు. ఆమె విసురుగా వెళ్ళిపోదామనుకుంది. కానీ మొద్దుబారిన కాలుతో విసురు ఎక్కడ కుదురుతుంది? కుంటుకుంటూ వెళ్ళింది.

ఆమె పార్శిల్ ఆఫీసులో ప్యాకింగ్ చేస్తుంది. అక్కడ ఆమెను అందరూ గట్టిముడి అంటారు. ఆమె తాడు బిగించిన పెట్టె లారీ మీంచి పడినా విడదు. ఆ పేరంటే ఆమెకు గర్వమే గానీ, మనసు మాత్రం పెట్టెల మీద లేదు, ఫైర్ సర్వీస్ మీద ఉంది. రాత పరీక్ష పాసయింది. నిచ్చెన ఎక్కింది, బరువు మోసింది. మిగిలింది పరుగొక్కటే, టైము దాటకుండా నాలుగు రౌండ్లు. పోయినసారి ఆ పరుగులోనే లేసు ఊడి, కాలికింద పడి, బోర్లా పడిపోయింది. వయసు లెక్కన ఇదే ఆఖరి అవకాశం.

"కాలు వద్దంటోంది, నువ్వు వినవు," అంది అమ్మ.

"కాలు మాట వింటే నేను మంచం కూడా దిగనమ్మా," అని డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. ఆ డాక్టర్, ఎముకలకేం ఢోకా లేదు, పక్క గదిలో ఫిజియోథెరపిస్టుని కలవమన్నాడు.

పక్క గదిలో ఎవరున్నారో చెప్పాలా?

"మీరా!" అంది.

"కూర్చోండి. ఏంటండీ ప్రాబ్లమ్?" అన్నాడతను, ఈసారి ఒక్కొక్క మాటా ఆచితూచి.

ఆ మాట ఇప్పుడు తన నోటితోనే చెప్పాలి. గోడ మీద అస్థిపంజరం బొమ్మ వైపు చూస్తూ చెప్పింది. "కాలు. కాలు తిమ్మిరెక్కుతోంది."

"కాలు అని ముందే చెప్పారు. థాంక్స్."

నవ్వకూడదనుకుంది. నవ్వొచ్చేసింది.

అతను పాదమంతా నొక్కి చూశాడు. సూదిమొన ఆనించి, తెలుస్తోందా అని అడిగాడు. షుగర్ లేదని రిపోర్టు చూశాడు. ఆమె చేతిలో పట్టుకొచ్చిన బూట్లు తిప్పి చూసి, ఇరుకైపోయాయి, ఒక సైజు పెద్దవి కొనమన్నాడు. పిక్కలకి ఎక్సర్‌సైజులు చెప్పాడు. ఆమె అన్నీ చేసింది. పళ్ళు తోముకుంటూ మునివేళ్ళ మీద లేచింది, కూరలు తరుగుతూ మడమలు దించింది. సాయంత్రం డ్యూటీ దిగగానే చెప్పులేసుకుని క్లినిక్‌కి వెళ్ళింది.

అయినా మూడో రౌండు వచ్చేసరికి పాదం చచ్చుబడుతూనే ఉంది.

"ఇంకేం మార్చాలి, కాలా?" అని ఒకరోజు అరిచేసింది.

"నిజంగా తెలియట్లేదండీ," అన్నాడతను. "రాత్రంతా అదే ఆలోచిస్తున్నా."

తెలియదని అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని ఆమె అంతవరకూ చూడలేదు. రాత్రంతా తన కాలి గురించి ఆలోచించిన మనిషిని అసలే చూడలేదు. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా ఆ మాటే తలుచుకుంది, కాలి సంగతి మరిచిపోయి.

ఆ వారంలోనే అతను పార్శిల్ ఆఫీసుకి వచ్చాడు. అక్క కూతురికి బొమ్మలు పంపించాలట. ఆమె పెట్టె మీద మోకాలు ఆనించి, పళ్ళు బిగబట్టి, తాడు ఒక్క లాగు లాగి ముడి వేసింది. అట్టపెట్టె నడుం సన్నబడింది. అతను నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"మీరు లేసులు కూడా ఇలాగే కడతారా?"

"ఇంకెలా కడతారు?"

"ఒక్కసారి కట్టి చూపించండి."

బల్ల కింద ఆమె పరుగు బూట్లు ఉన్నాయి. స్టూలు మీద కాలు పెట్టి కట్టింది. అతను కాసేపు అలాగే ఉంచి, విప్పించాడు. పాదం మీద వరసగా ఎర్రటి గాట్లు.

"అయిపోయింది. కాలిని పార్శిల్ చేసేశారు!" అన్నాడు. "పరిగెత్తుతుంటే పాదం కాస్త వాస్తుంది. మీరేమో దానికి చోటే ఇవ్వరు. పైనున్న నరం నలిగిపోతోంది. విప్పిన బూట్లు చూశా గానీ, మీరు కట్టుకునేది ఎప్పుడూ చూడలేదు. నాదే బుద్ధితక్కువ. వదులు చెయ్యండి."

"చెయ్యను."

"ఎందుకండీ?"

"ఊడితే?" ఆమె బూటు దగ్గరికి లాక్కుంది. "పోయినసారి నేను కింద పడి ఉంటే అందరూ నా పక్కనుంచే వెళ్ళిపోయారు. ఆ బూట్ల చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. కాలు మొద్దుబారినా ఫర్వాలేదు. లేసు మాత్రం ఊడకూడదు."

అతను లేసు తీసుకుని, పాదం పైన నొక్కే చోట ఒక రంధ్రం వదిలేసి ఎక్కించాడు. చీలమండ దగ్గర బిగించి, చివరలు లోపలికి దోపాడు.

"ముడి మీ ఇష్టం, ఎంత గట్టిగా అయినా వెయ్యండి. ముడి కింద కాలికి మాత్రం కాస్త చోటివ్వండి."

"బాబూ, ఇది పార్శిల్ ఆఫీసేనా, బూట్ల షాపా?" అన్నాడు లైనులో వెనకున్నాయన.

మర్నాడు వాన. ఆమె ఆగలేదు. అతను గొడుగేసుకుని గ్రౌండు గట్టున నిలబడ్డాడు. మూడో రౌండు దాటింది. కుడి పాదానికి తడి నేల చల్లగా, స్పష్టంగా తెలిసింది. నాలుగోది కూడా పూర్తి చేసి, నీళ్ళోడుతూ వచ్చి గొడుగు కింద దూరింది. గొడుగు చిన్నది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తప్పుపట్టలేదు.

అతను ఏదో చెప్పబోయాడు.

"చెప్పొద్దు," అందామె. "పరీక్ష అయ్యేదాకా నా చెవిలో ఇంకేమీ పడకూడదు."

"నేనింకా ఏమీ అన్లేదే!"

"కళ్ళు అంటున్నాయి. వాటిని కూడా ఆపండి."

పరీక్ష రోజు లేసు సరిగ్గా అతను చెప్పినట్టే కట్టుకుంది. కానీ గీత దగ్గర నిలబడగానే భయం వేసింది. వంగి, ఇంకొక్క లాగు లాగింది. చేతులకి అలవాటైన లాగు.

మూడో రౌండులో చీమలు బయల్దేరాయి.

ఇలాగే పరిగెత్తితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆగితే ఏమవుతుందో తెలియదు. ఒక్క క్షణం ఏడుపొచ్చింది. మరుక్షణం ట్రాక్ పక్కకి జరిగి మోకాలి మీద కూర్చుంది. బూట్లు టపటపా పక్కనుంచి వెళ్ళిపోయాయి, అదే చప్పుడు. గేటు దగ్గర ఎవరో ఏదో అరుస్తున్నారు. ఆమె తలెత్తలేదు. తొందరపడకుండా ముడి విప్పింది, లేసు వదులు చేసింది, పాదం లోపల వేళ్ళు కదిపి చూసింది, మళ్ళీ కట్టింది. లేచింది.

ఆ తర్వాత ఎలా పరిగెత్తిందో ఆమెకే సరిగా గుర్తులేదు. కాలు ప్రాణం పోసుకోవడం గుర్తుంది. ముందున్న వీపులు ఒక్కొక్కటే దగ్గరవడం గుర్తుంది. గీత దాటి పడిపోబోతుంటే విజిల్ మెడలో వేసుకున్న ఆఫీసర్ గడియారం చూసి, "కొద్దిలో బతికిపోయావమ్మా. పాస్," అనడం గుర్తుంది.

గేటు బయట అమ్మ ఉంది. అమ్మ పక్కన అతనున్నాడు.

"ఎవరే ఈ అబ్బాయి?" అమ్మ కూతుర్ని కౌగలించుకుంటూనే మొదలుపెట్టింది. "నువ్వు మధ్యలో కూర్చుంటే నేను లేవవే లేవవే అని అరుస్తున్నా. ఇతనేమో గేటు ఊపేస్తూ, లేవొద్దు, ముందు వదులు చెయ్యి అంటాడు! ఎవరు బాబూ అంటే ఫిజియోథెరపిస్టునండీ అన్నాడు. పేషెంట్లందరికీ ఇలాగే కళ్ళనీళ్ళు పెట్టుకుంటావా అంటే మొహం అటు తిప్పేసుకున్నాడు."

ఆమె అతని వైపు తిరిగింది. "పరీక్ష అయిపోయింది. ఇప్పుడు చెప్పండి."

"ఇప్పుడెలాగండీ? ట్రైనింగ్‌కి వెళ్ళిపోతారు. ఏడాదంటున్నారు. నేనేదో చెప్పి మీకు అడ్డం పడటం..."

"నాకెవరూ అడ్డం పడలేరు. ఇందాక చూశారుగా. చెప్పండి."

అతను ఒకసారి అమ్మ వైపు చూశాడు. అమ్మ ఎటూ చూడటం లేదన్నట్టు చెంగుతో మొహం తుడుచుకుంటోంది.

"నువ్వంటే నాకు ప్రాణం," అన్నాడు.

మీరు కాస్తా నువ్వయింది. ఆమెకు గుండె నిండిపోయింది.

"నాకూ నువ్వంటే ప్రాణమే. కానీ నేను వెళ్తాను. ఏడాదీ అక్కడే ఉంటాను. ఉద్యోగంలో చేరాక మంటలున్న చోటికి వెళ్తాను. వద్దని ఒక్కసారి కూడా అనకూడదు. నీకు భయమేస్తే?"

"వేస్తుంది. ఇవాళే ప్రాణం పోయినంత పనైంది. అయినా అనను. నువ్వు వచ్చేదాకా గేటు దగ్గరే ఉంటాను."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది, అమ్మ ఎదురుగానే.

అమ్మ చూసింది. చెప్పులు టకటకలాడిస్తూ ముందు నడిచింది. కొంతదూరం వెళ్ళాక వెనక్కి తిరక్కుండానే పిలిచింది.

"రండి ఇద్దరూ, ఎండెక్కుతోంది. ఇంటికెళ్ళి ముగ్గురికీ వండాలి నేను."