కూడలిలో కొత్త బోర్డు

ఆ కుర్రాడు ఊళ్ళోకి వచ్చి వారం కూడా కాలేదు, అప్పుడే వీపు మీద "వద్దు" అని రాయించుకున్నాడు.

రాయించుకున్నాడనడం న్యాయం కాదు. బోర్డులు రాసే దుకాణంలో అడుగుపెట్టి, ఎవరూ కనపడకపోతే, గోడకు చేర్చి పెట్టిన ఓ రేకు బోర్డుకు వీపు ఆనించి ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. ఎర్ర రంగు పచ్చిగానే ఉందని అతనికేం తెలుసు?

"జరగండి! అక్కణ్ణుంచి జరగండి!" అంటూ లోపల్నుంచి ఓ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. చెవి మీద బ్రష్షు, మోచేతుల దాకా రంగు మరకలు.

అతను ఉలిక్కిపడి జరిగాడు. మెడ తిప్పి చూసుకుని, "అయ్యో, నా చొక్కా!" అన్నాడు.

"చొక్కా సంగతి తర్వాత. నా అక్షరాలు చూడండి, ఏం చేశారో! పొద్దున్నుంచీ నడుం వంచి రాశానండీ."

బోర్డు మీద 'మా నేల కింద గ్యాస్ వద్దు' అని ఉండాలి. ఆ చివరి మాట సగం అతని వీపుకు అంటుకుపోయింది, అదీ తిరగబడి.

"సారీ అండీ. నేనూ ఓ బోర్డు రాయించుకుందామని వచ్చాను."

"దేని గురించి?"

అతను చెరిగిన బోర్డు వైపు ఓరగా చూశాడు. "నేల కింద గ్యాస్ గురించే."

ఆమె తేరిపార చూసింది. పెదవి బిగించినా నవ్వు ఆగలేదు. "అయితే గ్యాస్ బాబు మీరేనా?"

తనకప్పుడే ముద్దుపేరు పెట్టేశారని అతనికి అప్పుడే తెలిసింది. అతను జియాలజిస్టు. ఊరి చివర సిమెంట్ ఫ్యాక్టరీ ఉంది. దాని పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను విడదీసి, నేలలోకి లోతుగా పంపి దాచిపెట్టాలని ఓ కంపెనీ ప్రయత్నం. ఊరు ఒప్పుకుంటేనే అనుమతి. నెలన్నరలో సభ పెట్టి ఓట్లు వేయిస్తామన్నారు. ఈలోగా జనాన్ని మంచి చేసుకోమని మేనేజర్ ఇతన్ని పంపాడు.

మేనేజర్ రాసిచ్చిన కాగితం ఆమె చేతికిచ్చాడు. "పర్యావరణ హిత కార్బన్ సంగ్రహణ, భూగర్భ నిక్షేపణ పథకం. నూటికి నూరుపాళ్ళు సురక్షితం" అని ఆమె పైకి చదివి, కాగితం మడిచి తిరిగిచ్చేసింది.

"నేను రాయను."

"ఎందుకండీ?"

"అర్థం కాని మాట మా దుకాణంలో రాయం."

"మరి వద్దు అని రాశారుగా?"

"వద్దు అంటే నాకు అర్థమైంది."

అతనికి నవ్వొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అర్థమయ్యేలా చెబితే రాస్తారా?"

"చెప్పి చూడండి."

సోడాలో బుడగలుగా వచ్చేది ఆ వాయువేనని చెప్పాడు. కిలోమీటరున్నర లోతున సన్నని రంధ్రాలున్న రాయి ఉందనీ, దాని మీద గట్టి రాయి మూతలా పరుచుకుని ఉందనీ చెప్పాడు. ఆమె బ్రష్షు వెనక్కి తిప్పి గోడ మీద పొరలు గీయబోయి ఆగింది. "సోడాలో ఉండేదే అయితే ఆ ముక్క రాయొచ్చుగా? జనానికి భయం పోతుంది."

"రాయొచ్చు. కానీ గుంటలాంటి చోట ఎక్కువగా చేరితే ఊపిరాడదు. అది కూడా రాయాలి మరి."

ఆమె మొదటిసారి అతని ముఖంలోకి నేరుగా చూసింది.

"అది మీ కాగితంలో లేదే."

"లేదు. కానీ నిజం."

ఆ మాటకు లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. పెద్ద పెయింటర్, ఆమె తండ్రి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఆ వణుకు మొదలైనప్పటి నుంచే దుకాణం కూతురి చేతికొచ్చింది.

"నువ్వు మంచివాడిలా ఉన్నావు బాబూ. అప్పుడొచ్చినవాడూ ఇలాగే ఉన్నాడు" అన్నాడాయన. "ఇరవై ఏళ్ళ క్రితం ఫ్యాక్టరీ పెట్టినప్పుడు 'ఆరు నెలల్లో ఈ ఊళ్ళో దుమ్ము ఉండదు' అని నాచేత రాయించారు. నా చేతుల్తో రాశాను. కింద మూలన నా పేరు కూడా వేసుకున్నాను. దుమ్ము పోలేదు. రాయించినవాడు వెళ్ళిపోయాడు. జనం ఎవర్ని అడుగుతారు? నన్నే అడిగారు. ఏళ్ళ తరబడి అడిగారు."

'మా నేల కింద గ్యాస్ వద్దు' అన్నది ఎవరి మాటో అతనికి అర్థమైంది.

"అయితే ఈసారి కింద నా ఫోన్ నంబర్ రాయండి" అన్నాడు చివరికి. "అడగాల్సినవాళ్ళు నన్నే అడుగుతారు."

కూడలిలో బోర్డు లేచింది. ఏం చేస్తారో, ఎంత లోతున చేస్తారో, తెలిసింది ఎంతో, ఇంకా తెలియనిది ఏమిటో నల్లటి అక్షరాల్లో రాసింది ఆమె. దాని పక్కనే 'వద్దు' బోర్డును కూడా సరిచేసి నిలబెట్టింది. రెండింటిలోనూ అక్షరాలు ఒక్కలాగే ముద్దుగా ఉన్నాయి.

ఇక ఫోన్ మోగని గంట లేదు. ఒక బామ్మ తన బావిలో నీళ్ళు సోడా అవుతాయా అని అడిగింది. ఒకాయన రోజూ ఉదయం ఏడింటికి ఫోన్ చేసి తిట్టి, అయిదో రోజున, "ఇంతకీ భోంచేస్తున్నావా లేదా?" అని అడిగి పెట్టేశాడు. బడి టీచరైతే క్లాసుకు పిలిచి పిల్లలచేత ముప్పై ప్రశ్నలు అడిగించింది.

పరీక్షకు మాత్రం ముందే అనుమతి ఉండటంతో కంపెనీ రెండు ట్యాంకర్ల వాయువును లోతుకు పంపింది. పైకి వస్తోందేమో చూడటానికి ఊరి చుట్టూ పదకొండు చోట్ల నేలలో గొట్టాలు దించారు. ప్రతి సోమవారం అతను కొలతలు తెచ్చేవాడు, ఆమె బోర్డు మీద అంకెలు మార్చేది. అయిదు నిమిషాల పని. అతను మాత్రం మధ్యాహ్నం దాకా దుకాణంలోనే ఉండేవాడు.

"మీకు వేరే పనేం లేదా?" అంది ఒకసారి.

"ఇదీ పనే. ప్రజాభిప్రాయం తెలుసుకుంటున్నాను."

"ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నేగా?"

"ముందు మీది తెలిస్తే చాలు."

ఆమె రాస్తున్న బోర్డు మీదికి వంగింది. ఆ రోజు 'తొమ్మిది' అంకె తోక కొంచెం వంకర పోయింది. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాసింది.

సభ ఇంకా వారం ఉందనగా వాన పట్టుకుంది. మూడు రోజులు తెరిపి లేదు. నాలుగో రోజు పొద్దున అతను గొడుగు చేతిలో పెట్టుకునే తడిసి ముద్దయి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైంది?"

"ఏడో గొట్టంలో అంకె రెట్టింపయింది."

ఆమె చేతిలోని బ్రష్షు కింద పెట్టింది. "లోపల్నుంచి వస్తోందా?"

"తెలియదు. వాన పడితే మట్టిలో పురుగూ పుట్రా లేచి ఊపిరి వదులుతాయి, అప్పుడు కూడా పెరుగుతుంది. మేం పంపినదాంట్లో ఓ గుర్తు పదార్థం కలిపాం. అది దొరికితే మాది, దొరక్కపోతే వానది. లాబ్‌కి పంపాను. పది రోజులు పడుతుంది."

"సభ నాలుగు రోజుల్లోనేగా."

"అందుకే మేనేజర్ ఫలితం వచ్చేదాకా నోరెత్తొద్దన్నాడు. ఎత్తితే ఉద్యోగం ఉండదన్నాడు."

వాన రేకు కప్పు మీద మోగుతోంది. ఆమె అతని వైపే చూస్తూ, "మీరేమన్నారు?" అంది.

"ఏమీ అనలేదు. ఇక్కడికొచ్చాను."

రాయమని అతను అడగలేదు. ఆలోచించుకోండని ఆమె అనలేదు. నల్లరంగు డబ్బా తీసుకుని అతని గొడుగు లాక్కుని నడిచింది. ఆ గొడుగు కింద ఇద్దరూ కూడలికి వెళ్ళారు. ఆమె రాస్తున్నంతసేపూ అతను గొడుగు పట్టింది అక్షరాలకి, తడిసింది మాత్రం తనే. 'ఏడో గొట్టంలో కొలత రెట్టింపయింది. కారణం ఇంకా తెలియదు.'

సాయంత్రానికి అతన్ని పనిలోంచి తీసేశామని కంపెనీ నుంచి కబురొచ్చింది.

సభనాడు హాలు కిటకిటలాడింది. మేనేజర్ మైకు పట్టుకుని అంతా మామూలేననీ, ఓటింగ్ జరిపించేయమనీ అంటుంటే జనం ఒంటికాలి మీద లేచారు. కేకలు. కుర్చీల చప్పుడు. చివరి వరసలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు కుర్రాడు. ఆమె వచ్చి పక్కన నిలబడింది. ఊరంతా చూస్తుందని తెలిసే నిలబడింది.

పెద్ద పెయింటర్ మెల్లగా లేచాడు. హాలు సద్దుమణిగింది.

"నేను దీనికి వ్యతిరేకం. అందరికీ తెలుసు. కానీ చెడ్డ కబురు మనం కనిపెట్టకముందే, అవతలివాడే వచ్చి చెప్పడం నా జన్మలో ఇదే మొదటిసారి. చెప్పినందుకు ఆ కుర్రాడి ఉద్యోగం పోయింది. ఫలితం వచ్చేదాకా ఓట్లు ఆపండి. మట్టిని మనకి నచ్చిన ఇంకో లాబ్‌కి కూడా పంపండి. తర్వాత ఎవరి ఇష్టం వాళ్ళది."

ఓట్లు ఆగాయి. రెండు లాబ్‌లూ ఒకే మాట చెప్పాయి. గుర్తు పదార్థం లేదు, అది వాన పనే. మళ్ళీ సభ పెట్టారు. కొద్ది తేడాతో ఊరు సరేనంది, అదీ ఉత్తినే కాదు. కొలతలు వారం వారం కూడలిలో రాయాలి, తేడా వస్తే పని ఆపాలి, కొలిచే మనిషి ఆ కుర్రాడే అయ్యుండాలి. మేనేజర్ విధిలేక సంతకం పెట్టాడు.

తర్వాతి సోమవారం ఎండ కాసింది. ఆమె నిచ్చెన మీద నిలబడి అంకెలు రాస్తోంది. అతను కింద నిచ్చెన పట్టుకున్నాడు.

"మీరు ఓటు దేనికి వేశారు?" అనడిగాడు.

"చెప్పను. అది రహస్యం."

"సరే. నన్ను రెండేళ్ళు ఇక్కడే ఉండమన్నారు."

"మంచిదేగా."

"నాకు చాలవు."

బ్రష్షు ఆగింది. "ఎన్నేళ్ళు కావాలేం?"

"మీరు ఎన్నేళ్ళు ఉండనిస్తే అన్నేళ్ళు. మీరంటే నాకు ఇష్టమండీ. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు."

ఆమె చివరి అంకె పూర్తి చేసింది. తర్వాత నిచ్చెన దిగి, రంగు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అంది. "వానలో ఆ రోజు మీరు దుకాణానికి వచ్చినప్పుడే నాకు తెలిసిపోయింది. ఇంత ఆలస్యంగా అడుగుతారనుకోలేదు. పదండి, మా నాన్నతో మాట్లాడాలి."

పెద్ద పెయింటర్ అంతా విన్నాడు. కూతురి ముఖం చూశాడు, కుర్రాడి ముఖం చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను రెండో సభలో కూడా వద్దనే ఓటేశాను, తెలుసా?"

"తెలుసండీ."

"మీ కంపెనీని రేపు కూడా తిడతాను."

"తిట్టండి."

"అదే కుదరదుగా ఇక! అల్లుణ్ణి నిలబెట్టి ఎలా తిడతాను?" ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళకి నా ప్రశ్నకి జవాబు చెప్పేవాడొకడు దొరికాడనుకుంటే, వాడికి మర్యాద చెయ్యమంటున్నారు. ఏమే, అల్లుడుగారికి కుర్చీ వెయ్యి."

ఆమె కుర్చీ తెచ్చి వేసింది. కుర్రాడు కూర్చోబోయి ఆగి, "రంగు ఆరిందా?" అని అడిగాడు.