బాలింత చెప్పిన మాట

పొద్దున్నే లేచి స్టవ్ వెలిగించకపోతే పర్సిస్ గారికి తోచదు. అమెరికాలో, ఆల్ఫారెట్టాలో కొడుకు ఇంటికొచ్చి మూడేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. ఆ సోమవారం కూడా ఆరింటికే లేచి, తన బీపీ తను చూసుకుని, మాత్ర వేసుకుని వంటింట్లోకి వచ్చింది. వెల్లుల్లి రెబ్బలు నేతిలో వేయించి మెత్తటి అన్నంలో కలిపింది. పక్కన బాలింతల మందు, ఉసిరికాయంత కాయం ముద్ద పెట్టింది. కోడలు ఆరు రోజుల బాలింత మరి! పురుడు విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు. కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రిలో, పురుళ్ళ వార్డులో ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి.

కోడలి పేరు జనెల్. ఇక్కడే జార్జియాలో పుట్టి పెరిగిన నల్లమ్మాయి, మిడిల్ స్కూల్లో లెక్కల టీచరు. కొడుకు షాలేం ఆ పిల్లని చేసుకుంటానన్నప్పుడు పర్సిస్ గారు మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత దేవుడి చిత్తమని సరిపెట్టుకుంది. సరిపెట్టుకుందే గానీ, తెలుగు చర్చిలో ఎవరికైనా "మా కోడలు" అని చూపించేటప్పుడు గొంతు కాస్త తగ్గేది. అది ఎవరూ కనిపెట్టలేదనుకునేది. జనెల్ కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకుంది.

"అత్తయ్యా," అంటూ జనెల్ ఒక చేత్తో పాపని, ఇంకో చేత్తో రెయిలింగ్‌ని పట్టుకుని మెట్లు దిగింది. ఆ ఒక్క పిలుపు షాలేం నేర్పాడు. మిగిలిందంతా ఇంగ్లీషే. "తలనొప్పి తగ్గలేదు. నిన్నటికంటే ఎక్కువైంది. కళ్ళ ముందు మెరుపుల్లా వస్తున్నాయి."

"నిద్ర లేక. ఏ బాలింతకి ఉండదమ్మా తలనొప్పి? ముందు ఈ కాయం మింగు."

"నిన్న హాస్పిటల్‌కి రెండుసార్లు ఫోన్ చేశాను. టైలెనాల్ మాత్ర వేసుకుని పడుకోమన్నారు. నా కాళ్ళు చూడండి."

చూసింది. పాదాలు పొంగి చెప్పుల పట్టీల కింద గాట్లు పడ్డాయి.

"వద్దన్నా వినకుండా చెంబులకి చెంబులు నీళ్ళు తాగుతున్నావు, ఉబ్బవా మరి? ఏం కాదు. మీవాళ్ళు గట్టి మనుషులు. రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుంది."

ఆవిడ ఆ మాట పొగడ్తగానే అంది. నిన్న మధ్యాహ్నం చర్చి స్నేహితురాలు విమలకుమారితో ఫోన్‌లో కూడా అదే చెప్పింది. "నొప్పులప్పుడు మన పిల్లలైతే ఆసుపత్రి పైకప్పు లేపేస్తారు వదినా! ఈ పిల్ల పళ్ళ బిగువున పడుకుంది. వాళ్ళ ఒళ్ళే వేరు." పక్క గదిలో జనెల్ మెలకువగా ఉందన్న ధ్యాస ఆవిడకి లేదు. ఉన్నా తెలుగు అర్థం కాదులే అనుకునేదేమో!

జనెల్ పాపని అత్తగారి చేతిలో పెట్టి పైకి వెళ్ళింది. అరగంటకి దిగింది చూడండి, పర్సిస్ గారికి ఒళ్ళు మండింది. ఇస్త్రీ చేసిన గౌను, దాని మీద నల్లకోటు, చెవులకి ముత్యాలు, పెదాలకి రంగు, మెళ్ళో స్కూలు ఐడీ కార్డు. వెనకాల షాలేం కారు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎమర్జెన్సీకి వెళ్తున్నాం అమ్మా. జనెల్ ఇంక ఆగలేనంటోంది."

"ఇంత సింగారమా ఎమర్జెన్సీకి?" అంది తెలుగులో. "తల పగిలిపోతోందన్న మనిషికి లిప్‌స్టిక్ వేసుకునే ఓపిక ఎక్కడినుంచి వచ్చిందిరా?"

"అమ్మా, ప్లీజ్. పాపని తీసుకుని కార్‌ ఎక్కు."

ఎక్కింది, సణుక్కుంటూనే.

ఆసుపత్రి కౌంటర్ దగ్గర జనెల్ చాలా నెమ్మదిగా, నవ్వు మొహంతో చెప్పింది. ప్రసవమై ఆరు రోజులు, రెండు రోజులుగా తలనొప్పి, కళ్ళలో మెరుపులు, కాళ్ళవాపు. అవతలావిడ కంప్యూటర్‌లోంచి తల ఎత్తలేదు. "మొదటి బిడ్డా? కొత్త తల్లులకి కంగారు సహజం. కూర్చోండి, పిలుస్తాం."

ముప్పావుగంట అయింది. పిలవలేదు. జనెల్ మళ్ళీ వెళ్ళి అడిగింది. ఇంకో అరగంటకి మూడోసారి వెళ్ళింది. ఈసారి గొంతు కాస్త వణికి, కాస్త పెరిగింది. అంతే!

"మేడమ్, గొంతు తగ్గించండి. ఇలా అరిస్తే బయటికి పంపాల్సి వస్తుంది," అంది కౌంటరావిడ. తలుపు దగ్గరున్న సెక్యూరిటీ అతను నాలుగడుగులు ముందుకొచ్చి, చేతులు కట్టుకుని జనెల్ పక్కనే నిలబడ్డాడు. నాలుగైదు కుర్చీల అవతల మణికట్టు బెణికిందని ఒక తెల్లావిడ ఏడుస్తుంటే నర్సు వచ్చి భుజం నిమిరి లోపలికి తీసుకెళ్ళింది.

షాలేం కుర్చీలోంచి ఒక్కసారి లేచాడు. "వాట్ ద..."

జనెల్ వచ్చి అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "వద్దు. నువ్వు అరిస్తే ఆ కోపం నా ఖాతాలో రాస్తారు. పార్కింగ్ దాకా వెళ్ళి డెలివరీ పేపర్లు పట్రా. కార్‌లో ఉన్నాయి."

అతను పరిగెత్తాడు. జనెల్ కళ్ళు మూసుకుని గోడకి తల ఆనించింది. ఒళ్ళో వేళ్ళు అదురుతున్నాయి. పర్సిస్ గారికి అప్పుడు కూడా నోరు ఊరుకోలేదు.

"నొప్పి అని వచ్చినదానివి అంత నవ్వుతూ చెప్తే ఎవరు నమ్ముతారమ్మా? ఆ కోటూ, ఆ ముత్యాలూ... పెళ్ళికొచ్చినట్టుంటే!"

జనెల్ కళ్ళు తెరిచింది.

"ఈ కోటు లేకుండా వస్తే మందుల కోసం, మత్తు కోసం వచ్చాననుకుంటారు అత్తయ్యా. మా అమ్మ నేర్పింది నాకు. హాస్పిటల్‌కి వెళ్ళాలంటే ఇంటర్వ్యూకి వెళ్ళినట్టు వెళ్ళాలని. తెల్లావిడ ఏడిస్తే నొప్పి. నేను ఏడిస్తే నాటకం. నల్ల మగాణ్ణి చూసి భయపడతారు, నన్ను చూసి విసుక్కుంటారు. గొంతు పెంచితే పొగరు. ఓర్చుకుంటే, బాగానే ఉంది, గట్టి మనిషి."

పర్సిస్ గారు పాపని సర్దుకుంది. ఏదో అనబోయింది.

"ఆగండి. వాళ్ళ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మీరు నర్సు. నిన్న పొద్దున మొదటిసారి మీకు చెప్పినప్పుడు నాకెంత ధైర్యమనిపించిందో! హమ్మయ్య, ఈవిడకి తెలుస్తుంది అనుకున్నాను. మీరు నా చేతిలో ఆ ముద్ద పెట్టి వెళ్ళిపోయారు. ఈ కౌంటరావిడకీ మీకూ తేడా ఏంటి అత్తయ్యా? ఈవిడకి నా పేరు తెలీదు. మీకు తెలుసు."



వార్డులో కొత్త నర్సు చేరితే ఆవిడ మొదట చెప్పే మాట ఒకటుండేది. తలనొప్పి అన్న బాలింతతో కబుర్లు పెట్టుకోకు, ముందు బీపీ చూడు. ఎంతమందికి నేర్పింది ఆ మాట! కూలికెళ్ళే ఆడవాళ్ళైనా, ఆఫీసర్ల భార్యలైనా, చూడకుండా వదిలిన నర్సుని చెడామడా తిట్టేది. మరి ఈ పిల్లకెందుకు చూడలేదు? బీపీ మిషను ఇంట్లోనే ఉందే! ఈ పొద్దున తన చేతికి చుట్టుకున్న పట్టీ, విప్పి డబ్బాలో పెట్టేసిందే! మతిమరుపు కాదు. వయసు కాదు. వాళ్ళ ఒళ్ళే వేరు అనుకుంది, అందుకు.

పాపని ఎత్తుకునే కౌంటర్ మీద పడింది. "నేను లేబర్ రూమ్ నర్సుని. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. ఇప్పుడు, ఈ నిమిషంలో నా కోడలికి బీపీ చూడండి! ఫిట్స్ వస్తాయి! చచ్చిపోతుంది!"

ఆవిడ ఇంగ్లీషు మిషన్ ఆసుపత్రి ఇంగ్లీషు. కౌంటరావిడకి సగం అర్థమైందో, అర్థం చేసుకోబుద్ధి కాలేదో! "మేడమ్, ప్లీజ్ సిట్ డౌన్," అంది. సెక్యూరిటీ అతను పర్సిస్ గారి భుజం మీద చెయ్యి వేశాడు. డెబ్భై ఏళ్ళ మనిషి మీద చెయ్యి!

"అయ్యో, వినండయ్యా! ఎవరైనా వినండి!"

పేపర్లతో లోపలికొచ్చిన షాలేం ఆ కేక విని పరిగెత్తుకొచ్చాడు. తల్లి తెలుగులో గబగబా చెప్పింది. అతను ఆఫీసు మీటింగ్‌లో మాట్లాడే గొంతుతో, మెళ్ళో ఆఫీసు బ్యాడ్జితో, తల్లి చెప్పిన ముక్కలే తిరిగి చెప్పాడు. ఒక్క ముక్క ఎక్కువ లేదు. "ష్యూర్ సర్, వన్ మినిట్," అంటూ కౌంటరావిడ లేచింది. జనెల్ మూడుసార్లు చెప్పింది, ముప్ఫై నాలుగేళ్ళ నర్సు తను ఒకసారి చెప్పింది. ఏమీ తెలియని మగాడు చెబితే తలుపు తెరుచుకుంది. పర్సిస్ గారికి దుఃఖమూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

లోపల మిషను మీద అంకె వెలిగింది. నూట ఎనభై నాలుగు, కింద నూట పదహారు. బీపీ చూస్తున్న నర్సు మొహంలో రంగు మారింది. ఆ అంకె పైకి చదివేలోపే జనెల్ చెయ్యి కొయ్యబారింది, కళ్ళు పైకి తేలిపోయాయి, ముత్యాల చెవి దిద్దు ఊడి నేల మీద పడింది.

"జనెల్! జనెల్!" షాలేం అరుస్తున్నాడు. మనుషులు నాలుగు వైపుల నుంచి పరిగెత్తుకొచ్చారు. ఇందాక లేని మంచాలు, లేని డాక్టర్లు, లేని కంగారు, అన్నీ ఇప్పుడొచ్చాయి. పర్సిస్ గారిని గోడవైపుకి నెట్టేశారు.

ఆరు రోజుల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి రంగే వచ్చింది దానికి. ఎండలోకి తీసుకెళ్ళకపోతే కొంచెం తేలుతుందిలే అని మొన్ననే అనుకుంది ఈ నానమ్మ! రేపు ఈ పిల్లా పెద్దదవుతుంది, నొప్పి అంటుంది. అప్పుడు ఎవరు వింటారు? 'ప్రభువా, నా కోడలిని తీసుకెళ్ళకు. నేను చేసినదానికి ఆ బిడ్డని తీసుకెళ్ళకు,' అని గోడకి ఆనుకుని కుమిలిపోయింది.

సాయంత్రానికి ఐసీయూలో జనెల్ కళ్ళు తెరిచింది. గండం గడిచినట్టేనని, ఇంకో రోజు కనిపెట్టి ఉండాలని డాక్టరు చెప్పాడు. షాలేం పాపకి పాలు పట్టడానికి బయటికి వెళ్ళాడు. పర్సిస్ గారు మంచం పక్కన స్టూల్ మీద కూర్చుంది.

"చూడలేదమ్మా నేను," అంది. "మిషను పక్కనుంచుకుని చూడలేదు. నువ్వు నా కూతురివైతే చూసేదాన్ని. తెలుగు పిల్లవైతే చూసేదాన్ని. నువ్వన్నది నిజం. ఆ కౌంటరావిడ కంటే నేనే..." కోడలి కాళ్ళ మీద చెయ్యి పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

జనెల్ పైకప్పు వైపే చూస్తూ అంది.

"మిమ్మల్ని ఓదార్చే ఓపిక నాకిప్పుడు లేదు అత్తయ్యా."

"వద్దు. నన్ను ఓదార్చకు." పర్సిస్ గారు గబుక్కున కళ్ళు తుడుచుకుంది. "నాకోసం ఏమీ చెయ్యకు. ఎక్కడ ఎలా ఉందో చెప్పు. నేను వింటాను."

జనెల్ పెదాలు వంకర్లు పోయాయి. "భయమేసింది," అంది. "పాపని మళ్ళీ చూడననుకున్నాను. ఒళ్ళంతా నొప్పి. పురిటినొప్పులప్పుడు కూడా అరవాలనే ఉంది, అరవడానికి భయమేసింది. నేను గట్టిదాన్ని కాదు అత్తయ్యా. ఎప్పుడూ కాదు."

అని, కోడలిగా ఆ ఇంటికొచ్చిన నాలుగేళ్ళలో మొదటిసారి, జనెల్ నోరు విడిచి ఏడ్చింది. గాజు తలుపు అవతలి నర్సులు తిరిగి చూసేంత గట్టిగా ఏడ్చింది. బాలింత ఏడవకూడదు, ఒంటికి మంచిది కాదు అని పర్సిస్ గారు వేలసార్లు చెప్పి ఉంటుంది ఆ వార్డులో. ఇవాళ చెప్పలేదు. స్టూల్ దగ్గరికి జరుపుకుని, కోడలి తలని గుండెలకి ఆనించుకుని, "ఏడువమ్మా, ఏడువు. నేనిక్కడే ఉన్నాను," అంది.