ఏడో గొట్టం

"మీ ఏడో గొట్టం తప్పు."

ఆమె నాతో అన్న మొదటి మాట అది. పలకరింపు లేదు, పరిచయం లేదు. మా వర్క్‌షాప్‌లో తను నడిపే లేత్ మిషన్ ఆపేసి, నా డ్రాయింగ్ తెచ్చి నా ముందు పరిచింది.

దానికోసం ఏడాదిపాటు నానా తంటాలు పడ్డాను. అయాన్లనే విద్యుత్ కణాలను పరుగెత్తించే యాక్సిలరేటర్ అది. వరసగా రాగి గొట్టాలుంటాయి. ఒక గొట్టం దాటి ఇంకోదాంట్లో దూరే సందులో, రేడియో తరంగం అయాన్లను ముందుకు తోస్తుంది.

"కంప్యూటర్ తేల్చిన కొలతలండీ అవి," అన్నాను బెట్టుగా.

"వేగం పెరిగేకొద్దీ గొట్టం పొడుగవ్వాలి కదా. మరి ఆరోదానికన్నా ఏడోది పొట్టిగా ఉందేం?"

చూశాను. కంప్యూటర్ అంకెల్ని డ్రాయింగ్‌లోకి ఎక్కిస్తూ, తొమ్మిది ఉండాల్సిన చోట ఆరు కొట్టాను. మిగిలింది ఒకే ఒక్క రాగి దిమ్మ. అది కోసేసి ఉంటే ప్రాజెక్టూ, నా ఉద్యోగమూ రెండూ గోవిందా.

"ఎవరికీ చెప్పలేదు లెండి. దిద్దుకురండి," అంది మెల్లగా.

థాంక్స్ చెబుదామంటే పక్కనే ఫోర్‌మన్ ఉన్నారు. ఆయన వాళ్ళ నాన్న. డ్రాయింగ్ చుట్టుకుని బయటపడ్డాను.

అప్పట్నుంచి ఏదో వంకతో రోజూ వర్క్‌షాప్‌కి వెళ్ళేవాణ్ణి, అదీ చెప్పిన టైముకి ఓ గంట తర్వాత. ఆమె లేత్, ఈయన లేటు అని అక్కడందరూ నవ్వుకునేవారు.

"మీ అయాన్లు కూడా మీలాగే లేటైతే?" అని అడిగింది ఓసారి, టీ తాగుతూ.

"లేటైనదాన్ని తరంగం కాస్త గట్టిగా తోస్తుంది. మిగతావాటితో కలిసిపోతుంది. అలాగే డిజైన్ చేస్తాం."

"అదృష్టవంతులు, మీ అయాన్లు," అంది ఓరకంట నన్ను చూస్తూ.

నాలుగు నెలలకు అయాన్ల ధార, అదే బీమ్, ఆఖరి గొట్టం దాకా చేరింది. డైరెక్టర్ అందరి ముందూ నా భుజం తట్టి, "ఒక్క తప్పు లేని డిజైన్," అన్నారు.

ఊరుకుంటే సరిపోయేది. కానీ గుమ్మం దగ్గర, నూనె మరకల చేతులతో ఆమె కూడా చప్పట్లు కొడుతోంది. నాకు మనసొప్పలేదు.

"తప్పుంది సార్. ఏడో గొట్టం కొలత నేనే తప్పేశాను. అదిగో, ఆవిడ మిషన్ ఆపకపోతే ఇవాళ ఈ బీమూ లేదు, నేనూ లేను. ఆ మేలు జన్మలో మర్చిపోను."

డైరెక్టర్ ఆమెవైపు తిరిగి, తనే ముందుగా చప్పట్లు కొట్టారు. ఆమె తలొంచుకుని బయటికి వెళ్ళిపోయింది. కంగారుగా వెనకే పరిగెత్తాను. బయట వాన. చూరు కింద నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

"కోపమొచ్చిందా?"

"ఉహూఁ. చెప్పాల్సినవి ఇంకేమైనా మిగిలాయా?"

"ఒకటుంది. మీరంటే నాకు ప్రాణం. అదీ లేటే."

ఆమె ఫక్కున నవ్వి, నన్ను గుమ్మంవైపు తిప్పి, వీపు మీద చెయ్యేసి ఒక్క తోపు తోసింది. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డ వాళ్ళ నాన్న ముందు ఆగాను.

ఆయన అంతా విన్నట్టున్నారు. నన్ను ఎగాదిగా చూశారు.

"మా అమ్మాయి చాలామంది తప్పులు పట్టింది బాబూ. నలుగురిలో ఒప్పుకున్నవాడివి నువ్వొక్కడివే. దాంతో కాపురం చెయ్యాలంటే ఆ అలవాటు చాలా అవసరం."